ఎగరని రాకెట్లు

హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రం ఆవరణలో 1977 నుంచి ఒక శాటర్న్-5 రాకెట్ పచ్చిక మీద పడి ఉండేది. నిలబెడితే 110 మీటర్లకు పైగా ఎత్తు. మనిషిని చంద్రుడి మీదికి చేర్చిన రాకెట్ల కోవలోదే. దగ్గరికి వెళ్లి చూసినవాళ్లకు మాత్రం పెచ్చులూడుతున్న రంగు, అతుకుల్లో మొలిచిన మొక్కలు, లోపల గూళ్లు కట్టుకున్న పక్షులు కనిపించేవి. చుట్టూ మెక్సికో సింధుశాఖ తేమగాలి. పాతికేళ్లకు పైగా దాని మీద కప్పన్నది లేదు.

అసలు ఆ రాకెట్ అక్కడ ఎందుకుంది? ఆ కాలంలో పని పూర్తిచేసిన రాకెట్ సాధారణంగా మిగిలేది కాదు. శాటర్న్-5 మొదటి దశ రెండున్నర నిమిషాలు మండి అట్లాంటిక్‌లో పడిపోయేది. రెండో దశదీ సముద్రం దారే. మూడో దశలు కొన్ని చంద్రుణ్ని గుద్దుకున్నాయి, కొన్ని సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. 2002లో భూమి చుట్టూ తిరుగుతున్న ఒక కొత్త వస్తువును ఖగోళ పరిశీలకులు పట్టుకున్నారు. దాని మీద పడి తిరిగొచ్చిన కాంతిలో అపోలో నాటి తెల్లరంగు ఆనవాళ్లున్నాయి. అది అపోలో-12 మూడో దశ అయి ఉంటుందని తేల్చారు.

కాబట్టి మ్యూజియంలో మనం చూసే శాటర్న్-5 ఏదైనా ఎగరనిదే. ప్రయోగానికని 15 శాటర్న్-5లు తయారుచేశారు. 1967 నుంచి 1973 వరకు 13 ఎగిరాయి. కొత్తవి కట్టడం ఆపేయాలన్న నిర్ణయం 1968లోనే, అంటే చంద్రుడి మీద అడుగుపెట్టక ముందే జరిగిపోయింది. 1970 జనవరిలో అపోలో-20ని, సెప్టెంబరులో మరో రెండు యాత్రల్ని రద్దు చేశారు. ఎగరవలసిన రాకెట్లకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది.

మిగిలిన దశల్ని తలా ఒక చోటికి పంచారు. హ్యూస్టన్‌కు 514 నంబరు రాకెట్ మొదటి దశ, 515 రెండో దశ, 513 మూడో దశ చేరాయి. మూడూ ఎగరడానికి కట్టినవే. ఫ్లోరిడాలోని కెన్నెడీ కేంద్రంలో పరీక్షల కోసం కట్టిన మొదటి దశకు 514 పై దశల్ని జోడించారు. అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉన్నది ఊపి, కుదిపి, కంపనాలకు తట్టుకుంటుందో లేదో చూసిన పరీక్షా రాకెట్.

515 మూడో దశ కథ తెలుగువాళ్లకు కాస్త దగ్గరిది. దాన్ని కక్ష్యలో మనుషులు ఉండేందుకు అమెరికా కట్టిన స్కైలాబ్‌కు జంటగా, అవసరపడితే పంపడానికి సిద్ధంగా మలిచారు. మొదటి స్కైలాబ్ 1979 జులైలో పడబోతోందన్న వార్త మన పల్లెల్లో ఎంత కలవరం రేపిందో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అది చివరికి పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. దాని జంట వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియం చేరింది. సందర్శకులు లోపలికి వెళ్లి చూసేలా అక్కడ ఏర్పాటు చేశారు.

రాకెట్‌ను కాపాడటం ఫిరంగిని కాపాడినంత తేలిక కాదు. బరువు తగ్గాలని వీలైనంత పలచన చేసిన అల్యూమినియం అది. ఇంధనం వేడెక్కకుండా రెండో దశ మీద నురుగు పొర ఉంటుంది. అది నీళ్లు పీల్చుకుంటే లోపల లోహం తడిసే ఉంటుంది. ఉక్కు, అల్యూమినియం తగులుకున్న చోట తడి చేరితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. పైగా నిలబడి ఉండేలా కట్టినదాన్ని పడుకోబెడితే, నీళ్లు జారిపోవలసిన చోట్లే నిలిచిపోతాయి. కొన్ని వారాలు వేదిక మీద నిలిచి, కొద్ది నిమిషాలు ఎగరడానికి కట్టినదాన్ని దశాబ్దాల వానకు వదిలేశారు.

నా దృష్టిలో ఇలాంటి వస్తువులకు అత్యంత ప్రమాదకరమైన కాలం ఇదే. కార్యక్రమం ముగిసింది, వస్తువు ఇంకా చరిత్ర కాలేదు. ఆ మధ్య ముప్పై ఏళ్లలో అది ఎవరి బాధ్యతా కాదు. హంట్స్‌విల్ రాకెట్‌కు 1987లో జాతీయ చారిత్రక చిహ్నమన్న గుర్తింపు దక్కింది, కప్పు మాత్రం 2008లో డేవిడ్సన్ సెంటర్ తెరిచాకే దక్కింది. కెన్నెడీ రాకెట్ 1976 నుంచి ఆరుబయట ఉండి 1996లో లోపలికి చేరింది. హ్యూస్టన్‌దీ ఆలస్యమే. చివరికి విరాళాలు, ప్రభుత్వ నిధులు కూడగట్టి, దాన్ని కదపకుండా చుట్టూ భవనం కట్టి, పాత రంగులు గీకి తీసి, మొదటి రూపంలోనే మళ్లీ వేశారు.

సోవియట్ దేశంలో ఆ ఆలస్యానికి కూడా అవకాశం దొరకలేదు. చంద్రయాత్రకు కట్టిన ఎన్-1 రాకెట్ 1969 నుంచి 1972 దాకా నాలుగుసార్లు లేచి నాలుగుసార్లూ విఫలమైంది. 1974లో రాకెట్ ఇంజన్ల రూపకర్త గ్లుష్కో పగ్గాలు చేపట్టాక ఆ కార్యక్రమం ఆగిపోయింది, సిద్ధంగా ఉన్న రాకెట్లను ధ్వంసం చేశారు. ట్యాంకుల ముక్కలు బైకనూర్‌లో షెడ్లకు పైకప్పులయ్యాయి. ఇంజన్లనూ నాశనం చేయమన్నారు. కుజ్నెత్సోవ్ సంస్థ మాత్రం ఎన్‌కే-33 ఇంజన్లను గోదాములో దాచేసింది. ఆ అవిధేయతకు చరిత్ర రుణపడి ఉంది. 1990లలో అమెరికా సంస్థ ఏరోజెట్ వాటిని ఒక్కోటి 11 లక్షల డాలర్లకు కొన్నది. 2013లో అవి అంటారెస్ రాకెట్‌ను పైకి లేపాయి. 2014 అక్టోబరు 28న మాత్రం అంటారెస్ లేచిన కొన్ని సెకన్లకే కూలి పేలిపోయింది. తప్పు ఇంజన్ టర్బోపంపులో దొరికింది. వస్తువును దాచగలం, దానిలోని లోపాల్ని తుడిచేయలేం.

సోవియట్ అంతరిక్ష నౌక బురాన్ సంగతి తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. 1988 నవంబరు 15న మనుషులు లేకుండా భూమిని రెండుసార్లు చుట్టి, తనంతట తానే రన్‌వే మీద దిగిన నౌక అది. 2002 మే 12న బైకనూర్‌లో అదున్న హ్యాంగర్ పైకప్పు కూలింది. మరమ్మతు చేస్తున్న ఎనిమిదిమంది కార్మికులు చనిపోయారు. కక్ష్యలోకి వెళ్లొచ్చిన ఏకైక బురాన్ శిథిలమైంది.

బ్రిటన్ కట్టిన బ్లాక్ యారో రాకెట్లలో ఎగరని ఆర్-4 లండన్ సైన్స్ మ్యూజియం చేరి భద్రంగా మిగిలింది. ప్రాస్పెరో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఆర్-3 మొదటి దశ దాదాపు యాభై ఏళ్లు ఆస్ట్రేలియా ఎడారిలో పడి ఉండి, 2019లో స్వదేశం చేరింది.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి శాటర్న్-5ను పైకి లేపిన ఎఫ్-1 ఇంజన్ జవాబు చెబుతుంది. శాటర్న్-5 నమూనా పటాలు పోయాయన్న వదంతి చాలాకాలంగా తిరుగుతోంది. అది నిజం కాదు. మైక్రోఫిల్మ్ రూపంలో అవి నాసా మార్షల్ కేంద్రంలో ఉన్నాయి. కానీ 2012, 2013 ప్రాంతంలో మార్షల్‌లోని యువ ఇంజనీర్లు నిల్వ ఉన్న ఎఫ్-1ను విప్పి, కొలిచి చూస్తే, పటంలో లేని సంగతులెన్నో బయటపడ్డాయి. 680 టన్నుల తోపునిచ్చే ఆ ఇంజన్లలో చాలా భాగం చేత్తో అతికినదే. ఏ అతుకును ఎలా సరిచేయాలో పనివాళ్లకు తెలుసు, కాగితానికి తెలియదు. ఆ పనితనం నమోదైన చోటు ఆ లోహం ఒక్కటే. ఒక ఇంజన్‌లోని గ్యాస్ జనరేటర్‌ను శుభ్రం చేసి 2013 జనవరిలో మండించారు కూడా.

ఇదంతా తెలిశాక కూడా పాత తప్పు ఆగలేదు. అలబామా సరిహద్దున ఆర్డ్‌మోర్ దగ్గర, హైవే పక్కన 1979 నుంచి నిలబడి ఉన్న శాటర్న్-1బీ రాకెట్ బాగు చేయలేనంతగా పాడైందని చెప్పి 2023లో ముక్కలు చేసి తొలగించారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉంచమని గట్టిగా అడిగారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. 515 నంబరు రాకెట్ మొదటి దశను 2016లో న్యూ ఓర్లీన్స్ నుంచి మిసిసిపీలోని ఇన్ఫినిటీ సైన్స్ సెంటర్‌కు పడవ మీద తెచ్చి ఆరుబయటే పెట్టారు. హ్యూస్టన్ రాకెట్‌ను తిన్న ఉప్పుగాలే అక్కడా వీస్తుంది. కట్టవలసిన కప్పు ఇప్పుడే కట్టాలి. మరో ముప్పై ఏళ్లాగితే దాని గతీ ఆర్డ్‌మోర్ గతే అవుతుంది.