తుపాకి మేత

తుపాకి మాట వచ్చినప్పుడు మన చూపు గొట్టము మీదికే పోవుట సహజము. కాని మేత లేని ఎద్దు దుక్కి దున్నలేనట్లే, మందు, గుండు లేని తుపాకి ఒట్టి ఇనుప గొట్టమే. ఆ మేతను ఎవరు తయారు చేయగలరు? ఊరివారా, దూరాన ఉన్న కార్ఖానావారా? తుపాకి చరిత్రలో ఇది చిన్న ప్రశ్న కాదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల పెద్దలు భర్మారు తుపాకిని ఎరుగుదురు. గొట్టము మూతి నుండి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరవలెను. సూరేకారము, గంధకము, బొగ్గు చేరినదే ఆ నల్లమందు. సీసపు గుండును పల్లెలోనే పోత పోసుకొనవచ్చును. ఒక్కొక్క గుండుకు చాలసేపు పట్టును. వానకు తడిసిన మందు అంటుకొనదు. అయినను దాని మేత కొరకు కార్ఖానా వైపు చూడనక్కరలేదు.

1807లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు, దెబ్బ తగలగానే పేలు రసాయనమును తుపాకికి వాడు పద్ధతికి పేటెంటు పొందినాడు. అటుపైన ఆ రసాయనము చిన్న రాగి టోపీలో చేరినది. క్రమముగా టోపీ, మందు, గుండు మూడును ఒకే ఇత్తడి డొల్లలో ఇమిడి నేటి తూటా అయినది.

ఇత్తడినే ఎందుకు ఎన్నుకొన్నారు? తూటా పేలినప్పుడు వాయువుల ఒత్తిడికి డొల్ల ఉబ్బి గొట్టము గోడకు అంటుకొని, వాయువు వెనుకకు రాకుండ అడ్డుపడును. ఒత్తిడి తగ్గగానే స్థితిస్థాపకత వలన కొంచెము ముడుచుకొని సులభముగా ఊడివచ్చును. మందు కాలిపోవును, గుండు ఎగిరిపోవును, డొల్ల మాత్రము మిగులును.

మిగిలిన డొల్లను మరల నింపుకొనుటకు పుట్టినవే తూటా నింపు పనిముట్లు. అమెరికాలో జాన్ బార్లో 1884లో ఐడియల్ అను కంపెనీని స్థాపించి, పటకారు వంటి పనిముట్లను అమ్మినాడు. కార్ఖానాకు దూరముగా ఉన్న వేటగాండ్రకు అవి ఎంతో అక్కరకు వచ్చినవి. 1925లో ఆ వ్యాపారమును లైమన్ కంపెనీ కొన్నది.

అయితే అన్ని డొల్లలు ఈ పనికి ఒకే తీరుగా లొంగవు. 1866లో రెండు రకముల టోపీలు వచ్చినవి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్ చేసిన దానికి డొల్ల అడుగున నడుమ ఒకే రంధ్రము. పాత టోపీని తీయుట తేలిక. అమెరికాలో హైరమ్ బెర్డన్ చేసిన దానికి పక్కగా రెండు సన్నని రంధ్రములు, తీయుట కష్టము. వింత యేమంటే, బాక్సర్ పద్ధతి అమెరికాలో నిలిచినది. బెర్డన్ పద్ధతి ఐరోపాలో వ్యాపించినది. బ్రిటిషు ఇండియా సైన్యపు 303 తూటాకు వాడుకలో ఉన్నది కూడ బెర్డన్ పద్ధతియే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1946 జులై 4న నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో, విసునూరు దేశముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించినాడు. ఆనాడు ప్రజల చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటమునకు పిలుపు వచ్చిన తరువాత దళములకు భర్మారులు, పిమ్మట నిజాము పోలీసుల నుండి, రజాకార్ల నుండి గుంజుకొన్న రైఫిళ్ళు చేరినవి. భర్మారుకు మేత ఊరిలోనే దొరకును. రైఫిలుకు మేత మాత్రము మరల శత్రువు చేతి నుండే రావలెను. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా నుండి తుపాకులతోబాటు తూటాలు కూడ పట్టుకొనిపోయినది ఇందుకే. 1948 సెప్టెంబరులో నిజాము లొంగిన తరువాత దళములు గోదావరి అడవుల వైపు జరిగినవి. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది.

నేడు ఐడియల్ పటకారులు పురావస్తువులైనవి. అమెరికాలో ఇంటర్నెట్ వేలముల ద్వారా అవి చేతులు మారుచున్నవి. ఏ తూటాకు చేసినదో తెలుపు ముద్ర స్పష్టముగా ఉన్నదా, విడిభాగములన్నియు ఉన్నవా, పాత పెట్టె మిగిలినదా అని కొనువారు చూతురు. మన దేశములో సంగతి వేరు. 1959 నాటి ఆయుధ చట్టములో 'మందుగుండు' అను మాటకు ఇచ్చిన అర్థములో, దానిని తయారుచేయు యంత్రములు కూడ చేరియున్నవి. లైసెన్సు లేకుండ తయారీ, అమ్మకము, దిగుమతి నేరములు. పాతదన్నంత మాత్రమున పనిముట్టు చట్టమునకు వెలుపలిది కాదు. కనుక విద్యార్థులు ఇట్టి వేలములలో వస్తువును చూచి తెలిసికొనవచ్చునే గాని, తెప్పించుకొనరాదు. పాత ఇంటిలో తూటా గాని, అట్టి పనిముట్టు గాని కనబడిన, ముట్టక పోలీసులకు తెలుపవలెను. ఏండ్లు గడిచినను టోపీలోని రసాయనము పేలు గుణమును కోల్పోకపోవచ్చును.

చేతిలో ఇమిడే పటకారును చట్టము మందుగుండుతో సమముగా ఎందుకు చూచినదో ఇప్పుడు బోధపడును. తుపాకి ఎవరి చేతిలో ఉన్నదనుట సగము సంగతి. దాని మేత ఎవరి చేతిలో ఉన్నదనుట మిగిలిన సగము.