ఇంటి నెట్‌వర్క్‌లో పీసీ ఆటల ప్రసారం

ఒక గదిలోని కంప్యూటర్‌లో నడుస్తున్న ఆటను అదే ఇంట్లోని టీవీలోనో, ఫోన్‌లోనో, పాత ల్యాప్‌టాప్‌లోనో ఆడుకొనే పద్ధతి ఇది. ఆట మొత్తం పీసీలోనే నడుస్తుంది. తెరమీది బొమ్మ వీడియోగా మారి, రౌటర్ మీదుగా రెండో పరికరానికి చేరుతుంది. ఆడేవారు నొక్కిన మీటల సమాచారం అదే దారిన వెనక్కి వస్తుంది. క్లౌడ్ గేమింగ్‌లోనూ జరిగేది ఇదే, కాకపోతే అక్కడ ఆట నడిచే కంప్యూటర్ ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటుంది. ఇక్కడ బొమ్మ గడప దాటదు కాబట్టి ఇంటర్నెట్ ప్యాక్ వేగంతో దీనికి పెద్దగా పని లేదు. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఒక ఇంట్లో ఇది సాఫీగా నడిచి, పక్కింట్లో తడబడుతుంటే కారణం సాధారణంగా గోడల్లోనూ చుట్టుపక్కల రౌటర్లలోనూ ఉంటుంది.

పూర్వరంగం

ఒక యంత్రం తెరను మరో యంత్రంలో చూపించడం పాత విద్యే. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1984లో మొదలైన ఎక్స్ విండో వ్యవస్థ, 1998 నాటి మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ ఈ కోవలోవి. తెరమీద మారిన భాగాన్ని మాత్రమే పంపితే చాలన్నది వీటి ఊహ. ఉత్తరం టైపు చేసేటప్పుడు మారేది రెండక్షరాలే గనుక ఆ ఊహ బాగానే పనిచేసింది. ఆటలో ప్రతి ఫ్రేముకూ తెరంతా మారుతుంది. 1920×1080 తెర, సెకనుకు 60 ఫ్రేములు, చుక్కకు 24 బిట్లు గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లవుతుంది. 100 ఎంబీపీఎస్ ల్యాన్ వైరు మోయగలిగేది అందులో ముప్పయ్యో వంతు.

కాబట్టి వీడియోను కుదించాలి, అదీ ఆట నడుస్తుండగానే. 2006లో సోనీ ప్లేస్టేషన్ 3 తెరను పీఎస్‌పీలో చూపే సౌకర్యం తెచ్చింది గానీ చాలా ఆటలు దానితో పనిచేయలేదు. 2007లో వచ్చిన స్ట్రీమ్‌మైగేమ్ పీసీ ఆటలకు ఇదే ప్రయత్నం చేసింది. అప్పట్లో కుదింపు పని ప్రాసెసర్ మీదే పడేది. ఆటకు కావలసిన శక్తిని కుదింపు తినేసేది.

ఈ చరిత్రను పీసీ ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌తో మొదలుపెట్టడం రివాజు. అసలు మలుపు అంతకుముందే, ఎవరూ పట్టించుకోని చోట వచ్చింది. 2011లో ఇంటెల్ తన శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ అనే ప్రత్యేక వీడియో సర్క్యూట్ పెట్టింది. 2012లో ఎన్‌విడియా కెప్లర్ గ్రాఫిక్స్ కార్డులలో అలాంటిదే ఎన్‌వెంక్ చేరింది. ఇక కుదింపు పని వేరే సర్క్యూట్ చూసుకుంటుంది, ఆట తన పాటికి తాను నడుస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఉత్పత్తులు ఇలాంటి సర్క్యూట్ల మీద నిలబడ్డవే.

2013 నుంచి

2013 జులైలో ఎన్‌విడియా షీల్డ్ అనే చేతి గేమింగ్ పరికరాన్ని, దానితోపాటు గేమ్‌స్ట్రీమ్ పద్ధతిని తెచ్చింది. పీసీలో ఎన్‌విడియా కార్డూ, చేతిలో షీల్డూ రెండూ ఉండాలన్నది షరతు. ఒహాయోలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు గేమ్‌స్ట్రీమ్ భాషను విప్పి, షీల్డ్ లేకుండా మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఆ ఆటలు ఆడించారు. మొదట లైమ్‌లైట్ అని పిలిచిన ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పటి మూన్‌లైట్.

వాల్వ్ సంస్థ 2014 మేలో స్టీమ్‌లో ఇన్-హోమ్ స్ట్రీమింగ్‌ను అందరికీ విడుదల చేసింది. 2015 నవంబరులో, టీవీకి తగిలించి ఆ ప్రసారాన్ని అందుకొనే స్టీమ్ లింక్ అనే చిన్న పెట్టె 49.99 డాలర్లకు వచ్చింది. మన దేశంలో స్టీమ్ ఆటల ధరలు రూపాయల్లో కనబడడం మొదలైందీ ఆ నెలలోనే. మన పీసీ గేమర్లకు ఆ పెట్టె కన్నా ఇదే పెద్ద కబురు. అదే ఏడాది జులైలో వచ్చిన విండోస్ 10, ఎక్స్‌బాక్స్ వన్ ఆటలను ఇంటి నెట్‌వర్క్ మీదుగా పీసీలో ఆడే వీలు కల్పించింది.

2018 నాటికి పెట్టె అవసరమే తీరిపోయింది. స్టీమ్ లింక్ ఆండ్రాయిడ్ యాప్‌గా వచ్చింది. ఐఫోన్ యాప్‌ను మాత్రం ఆపిల్ తిరస్కరించి, ఏడాది తర్వాత 2019 మేలో ఒప్పుకుంది. పెట్టె తయారీ 2018 చివర ఆగింది. 2023 జనవరిలో గూగుల్ క్లౌడ్ గేమింగ్ సేవ స్టేడియా మూతపడింది, ఫిబ్రవరిలో ఎన్‌విడియా షీల్డ్ పరికరాల నుంచి గేమ్‌స్ట్రీమ్‌ను తొలగించింది. స్టేడియా మన దేశానికి రానేలేదు కాబట్టి ఇక్కడ దానికోసం ఏడ్చినవారు లేరు. గేమ్‌స్ట్రీమ్ స్థానాన్ని సన్‌షైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తీసుకుంది. ఏ కంపెనీ గ్రాఫిక్స్ కార్డుతోనైనా పనిచేయడం దాని బలం.

ఆలస్యం, గాలి, గోడలు

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. యూట్యూబ్ వీడియో కొంత ముందుగా దాచుకొని చూపిస్తుంది. ఆటలో రాబోయే ఫ్రేము ఇంకా పుట్టనే లేదు గనుక దాచుకోవడానికేమీ ఉండదు. సినిమా వీడియోల్లో మాదిరి రాబోయే ఫ్రేమును చూసి దానికి ముందున్న ఫ్రేమును కుదించే ఉపాయమూ ఇక్కడ పనికిరాదు. కాబట్టి వైఫైలో చిన్న ఆటంకమైనా నేరుగా కంటికి కనబడుతుంది. ఆడేవాళ్లు దాన్నే లాగ్ అంటారు.

2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు మూడే. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 2005లో కొంత భాగాన్ని ఇంటి లోపలి వాడకానికి లైసెన్సు లేకుండా అనుమతించారు. 2018 అక్టోబరులో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను తెరిచారు. ఆ పట్టీలో చోటు ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో

ఇక్కడి ఇళ్ల తీరు చూస్తే ఈ సాంకేతికతకు ఎక్కడ చిక్కు వస్తుందో తెలుస్తుంది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్ 1960లలో రూపుదిద్దుకుంది. ల్యాన్ వైరు అనేది ఇంకా పుట్టని కాలం గనుక, గోడల్లో దానికి దారి వదిలే మాటే లేదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల చుట్టూ ఇస్నాపూర్, ముత్తంగి వంటి ఊళ్లలో కింద ఓనర్లు, పైన కిరాయి పోర్షన్లు. బీరంగూడ, అమీన్‌పూర్‌లలో అపార్టుమెంట్లు. ఇలాంటి చోట పోర్షన్‌కో రౌటరుంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ మూడు చానళ్లనే అందరూ పంచుకోవాలి. కింది గదిలోని పీసీ నుంచి స్లాబు దాటి పైకి వెళ్లేసరికి 5 గిగాహెర్ట్జ్ సంకేతం నీరసిస్తుంది. పీసీ, ఫోన్ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి ఫ్రేమూ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. పీసీ నుంచి రౌటర్‌కు ఒక క్యాట్ 6 ల్యాన్ వైరు లాగితే అందులో ఒక ప్రయాణం తప్పుతుంది. కొత్త రౌటర్ కొనేముందు చేయాల్సిన పని ఇదే.

హాస్టళ్ల సంగతి వేరు. ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, 2015లో కందికి మారింది. రుద్రారంలో గీతం ప్రాంగణం ఉంది. పెద్ద సంస్థల వైఫైలో ఒక విద్యార్థి పరికరం మరో పరికరాన్ని చూడకుండా భద్రత కోసం అడ్డు పెట్టడం సాధారణం. అలా అడ్డున్న చోట నెట్ ఎంత వేగంగా ఉన్నా మూన్‌లైట్‌కు పీసీ కనబడదు.

కంప్యూటర్ ఒకచోట, తెర మరోచోట అనే ఈ ఊహ ఇల్లు దాటి ప్రభుత్వ పథకంలోకీ వచ్చింది. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వ టీ-ఫైబర్ ఇంటర్నెట్ సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో సంగారెడ్డి జిల్లా సంగుపేట ఒకటి. 20 ఎంబీపీఎస్ ఇంటర్నెట్‌తోపాటు ఇంట్లోని టీవీనే కంప్యూటర్ తెరగా వాడుకొనే వర్చువల్ డెస్క్‌టాప్ అందులో భాగం. కంప్యూటర్ పని దూరాన ఎక్కడో జరిగి, బొమ్మ మాత్రం తీగ మీదుగా టీవీకి చేరుతుంది. దరఖాస్తు నింపడానికి, పాఠం చదువుకోవడానికి కొద్దిపాటి ఆలస్యం అడ్డు కాదు. తుపాకీ ఆటకు మాత్రం పీసీ ఆ ఇంట్లోనే ఉంటే మేలు.