లెక్కకు రాని బడి: తెలుగు ఇళ్లలో అక్షరాలు, అంకెలు నేర్పిన తీరు

1822 జూన్ 25న మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఒక మినిట్ రాశాడు. ప్రెసిడెన్సీలోని ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, వాటిలో ఏ వర్గాలకు చెందిన పిల్లలు ఎందరు చదువుకుంటున్నారో కలెక్టర్లు పట్టికల రూపంలో తెలపాలన్నది దాని సారాంశం. నివేదికలు చేరిన తరువాత 1826 మార్చి 10న మన్రో వాటిని సమీక్షించాడు. 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేలింది. 1983లో ధరంపాల్ ఈ పత్రాలను ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ గ్రంథంగా వెలువరించినప్పటి నుంచి దేశీయ విద్యపై జరిగిన వాదోపవాదాలన్నీ దాదాపు ఈ అంకెల చుట్టూనే తిరిగాయి.

ఆ పత్రాలలోనే మరొక సంఖ్య ఉంది. దానిపై జరిగిన చర్చ తక్కువ. మద్రాసు నగరంలో బడికి వెళ్లేవారు సుమారు 5,500 మంది కాగా, ఇంటివద్దనే చదువుకుంటున్నవారు 26,000 మందికి పైగా ఉన్నారని అక్కడి కలెక్టరు నివేదించాడు. అంటే బడిపిల్లలకు దాదాపు అయిదు రెట్లు. ఈ సంఖ్యలో ఏదో పొరపాటు ఉండవచ్చునని మన్రో స్వయంగా సందేహించాడు. అయినా దానిని పూర్తిగా తోసిపుచ్చలేదు. మిగిలిన జిల్లాల నుంచి ఇంటి చదువుల వివరాలు రాలేదు గనుక, చదువుకుంటున్న మగపిల్లల నిష్పత్తి నాలుగోవంతు కంటే మూడోవంతుకు దగ్గరగా ఉంటుందని సవరించుకున్నాడు. సందేహం సబబే. ఒక మహానగరపు సంఖ్యను పల్లెలకు వర్తింపజేయడం కుదరదు. అయితే కలెక్టర్లలో ఎక్కువమంది ఇంటిని చదువు జరిగే చోటుగా భావించి లెక్కించలేదన్నది మాత్రం ఈ సందర్భంలో స్పష్టమవుతున్నది. తెలుగునాట శిశువు తొలి అక్షరాన్ని ఎక్కడ, ఎవరి చేతిమీదుగా నేర్చుకున్నదన్న ప్రశ్నకు ఆ పట్టికలు సమాధానం చెప్పలేవు.

బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక ఈ లోటును కొంత తీరుస్తుంది. నాటి బళ్లారి జిల్లా తెలుగు, కన్నడ భాషల కూడలి. అక్కడి 533 బడులలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. తెలుగు భాషకు వ్యాకరణం రాసినవాడు కావడం వల్ల కాబోలు, క్యాంప్‌బెల్ అంకెలతో ఆగక చదువు చెప్పే పద్ధతిని కూడా వర్ణించాడు. అయిదేళ్లు నిండిన బాలుడి ఇంటికి పంతులునూ, బడిపిల్లలనూ ఆహ్వానిస్తారు. గణపతి ప్రతిమ చుట్టూ అందరూ వలయంగా కూర్చుంటారు. పంతులు బాలుడి చేత ప్రార్థన చెప్పించి, వేలు పట్టుకొని బియ్యంలో దేవుడి నామాలు రాయిస్తాడు. బడిలో చదువు మొదలయ్యేది ఆ మరునాడే. అంటే బడి పద్ధతిని వర్ణించడానికి పూనుకున్న అధికారి కూడా ఇంటి నుంచే ఆరంభించవలసివచ్చింది.

ఆయన గమనించిన మరొక అంశం మరింత విలువైనది. ఐరోపాలో వలె అక్షరాల పేర్లను పలికించడంతో కాక, నేలపై ఇసుకలో వేలితో రాయించడంతో ఇక్కడి పిల్లలకు అక్షరజ్ఞానం కలిగిస్తారని ఆయన పేర్కొన్నాడు. వేలు బాగా తిరిగిన తరువాతే గంటంతో తాటాకుమీదనో, కలంతో కాగితంమీదనో, బలపంతో కడితంమీదనో రాయనిస్తారు. బట్టకు బొగ్గుపొడి, జిగురు పట్టించి గట్టిపరచి మడతలుగా అమర్చినదే కడితం. రాతిపలక వాడుకలోకి రాకముందు ఆ అవసరాన్ని తీర్చినది అదే. మార్కాపురం పలకలు తెలుగు ఇళ్లకు చేరడం తరువాతి కథ.

‘గుంట ఓనమాలు’ అన్న పలుకుబడి ఈ పద్ధతికే సాక్ష్యం. ఇసుకలో గుంటపడేలా పెద్దలు రాసిన అక్షరం మీదుగా శిశువు వేలు నడుస్తుంది. ‘దిద్దు’ అనే క్రియకు తెలుగులో సవరించడమనే అర్థంతోపాటు, రాసిన గీతమీదనే తిరిగి రాయడమనే అర్థమూ ఉంది. బొట్టును దిద్దుతారు, ముగ్గును దిద్దుతారు, అక్షరాలనూ దిద్దుతారు. ఈ మూడు పనులకూ ఒకే క్రియ ఉండడం కేవలం యాదృచ్ఛికమనిపించదు. రోజూ వాకిట్లో పిండితో గీతలు తీర్చిన చేతికి, అక్షరం రాకపోయినా, వంపును పట్టుకొనే నేర్పు ఉంటుంది. ఆ నేర్పు పిల్లల వేళ్లకు ఎంతవరకు అందిందో తేల్చే లిఖిత ఆధారం లేదు గానీ, పరిశీలించదగిన ఊహ ఇది.

ఓనమాలలోని అక్షరక్రమం కూడా ఆలోచింపదగినదే. శిశువు మొదట దిద్దేది ‘అ, ఆ’లు కాదు; ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అనే వాక్యం. ‘ఓ’, ‘న’, ‘మ’ అన్న తొలి అక్షరాలే మొత్తం అక్షరమాలకు పేరుగా స్థిరపడ్డాయి. ఇందులోని ‘సిద్ధం’ శైవానికి పూర్వపు జైన, బౌద్ధ విద్యాసంప్రదాయాల శేషమని పలువురు పండితులు భావించారు. క్రీ.శ. 7వ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు ఆరవ ఏట ‘సిద్ధిరస్తు’ అనే తొలి వాచకం మొదలుపెట్టి ఆరు నెలల్లో ముగిస్తారని రాయడం ఈ వాదానికి కొంత ఊతమిస్తుంది. బోధన దృష్టితో చూస్తే ‘ద్ధం’ వంటి సంయుక్తాక్షరంతో మొదలుపెట్టడం కష్టమైన పద్ధతే. అయితే ఆనాటి ప్రయోజనం వర్ణక్రమాన్ని నేర్పడం కాక చేతికి రాత అలవాటు చేయడమైతే, ఆ విమర్శ బలం తగ్గుతుంది. 19వ శతాబ్దిలో పుదూరు సీతారామశాస్త్రి ‘బాలశిక్ష’, దాని విస్తరణలుగా వచ్చిన ‘పెద్ద బాలశిక్ష’లు అచ్చులోకి రావడంతో అక్షరం ఇసుకనుంచి పుటలోకి మారింది. అచ్చుపుటమీద వేలు నడిపినా గీత పడదు. చూడడం, పలకడం ముందుకువచ్చాయి.

అంకెల విషయంలో ఇంటి పాత్ర మరింత పెద్దది. నూరువరకు లెక్కించడానికి చింతగింజలు, గవ్వలు చాలేవి. పధ్నాలుగు గుంటల వామనగుంటల పీటమీద గింజలు పంచుతూ ఆడే పిల్ల, ఎన్ని గింజలు తీస్తే చివరి గింజ ఏ గుంటలో పడుతుందో ముందే లెక్కగట్టుకోవాలి. కూడికలు, తీసివేతలు ఆ పేర్లు తెలియకుండానే వచ్చేవి.

కఠినమైనది భిన్నాల లెక్క. తెలుగు భిన్నాలు నాలుగింటి మీద నడిచాయి. కాలు, అర, ముప్పాతిక. కాలులో కాలు వీసం, అంటే పదహారో వంతు. వీసంలో కాలు కాణీ, అంటే అరవైనాలుగో వంతు. పాతికలను నిలువుగీతలతో, వీసాలను అడ్డగీతలతో, కాణీలను మళ్లీ నిలువుగీతలతో గుర్తించేవారు. ఇది నేటి విద్యార్థికి చిక్కుముడిగా తోచవచ్చు. ఆనాటి శిశువుకు మాత్రం వంటింట్లో కళ్లెదుట కనిపించే లెక్క. కోస్తా ప్రాంతపు కొలతల్లో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికలో గిద్ద సరిగ్గా వీసమే. రూపాయిలో అణా వీసం, అణాలో కాలు కాణీ. తల్లి బియ్యం కొలుస్తున్నప్పుడు పక్కన కూర్చున్న బిడ్డకూ, కొట్టు గుమాస్తాకూ ఒకే గణితం పనికివచ్చింది.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అదే కాలంలో మెట్రిక్ తూనికలు, కొలతలు దశలవారీగా అమలులోకి వచ్చాయి. వాణిజ్యానికి, పరిపాలనకు ఈ మార్పు అవసరమైనదే. దానిని తప్పుపట్టవలసిన పనిలేదు. కానీ విద్యాచరిత్రలో దాని ఫలితాన్ని ఎవరూ లెక్కవేయలేదు. బడిలో పదులు, నూర్లు. అమ్మమ్మ నోట వీసాలు, కాణీలు. ఇంట్లో నేర్పేవారి జ్ఞానం ఒక్క తరంలో పాతబడిపోయింది. 2011లో 25 పైసల నాణెం చలామణి ఆగిపోవడంతో ‘పావలా’ కూడా మాటగానే మిగిలింది. 2008లో యూనికోడ్ తెలుగు భిన్నచిహ్నాలకు సంకేతస్థానాలు కల్పించింది. కంప్యూటరులో వాటికి చోటు దొరికేనాటికి వాటిని పిల్లలకు దిద్దించే ఇళ్లు కనుమరుగయ్యాయి.

ఇంటి చదువును ఆదర్శీకరించడం మాత్రం తగదు. అక్షరం తెలిసినవారు ఇంట్లో ఉన్నప్పుడే అది సాధ్యం. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచబడిన కులాల పిల్లలకు బడి ఒక్కటే దారి. 1910లో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ దళిత బాలబాలికల కోసం పాఠశాల స్థాపించడం వెనుక ఉన్న అవసరం అదే. ఇంటిని విస్మరించి బడిని మాత్రమే చూసే చరిత్ర ఎంత అసంపూర్ణమో, ఏ ఇళ్లకు ఆ అవకాశం లేకపోయిందో చెప్పని ఇంటి చరిత్ర కూడా అంతే అసంపూర్ణం.

ఆడపిల్లల విషయంలో ఈ రెండు ప్రశ్నలూ ఒకచోట కలుస్తాయి. మన్రో గణన మగపిల్లల నిష్పత్తికి సంబంధించినది. బడి పట్టికల్లో బాలికల సంఖ్య స్వల్పం, ఇంటి చదువుకు పట్టికే లేదు. కనుక ఇంట్లో అక్షరం నేర్చుకున్న ఆడపిల్ల రెండుసార్లు లెక్క తప్పింది. భండారు అచ్చమాంబ (1874–1905) ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. చిన్ననాడే పెళ్లయిన ఆమెకు బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుకు ఇంట్లో పాఠాలు చెబుతున్నప్పుడు పక్కన కూర్చుని చదవడం, రాయడం నేర్చుకుందని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ వ్యక్తే 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది; స్త్రీల జీవితచరిత్రలను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా సంకలించింది. పాఠం తమ్ముడికోసం ఏర్పాటైనది. పక్కన కూర్చోవడం ఎవరూ ఏర్పాటు చేసినది కాదు.

ఇలా పక్కన కూర్చుని నేర్చుకున్నవారు ఎందరో బడి రిజిస్టర్లలో వెదికితే దొరకదు. స్త్రీల ఆత్మకథలు, ఉత్తరాలు, ఇంటి జమాఖర్చుల పుస్తకాల్లో మారిన చేతిరాతలు, చాకలిపద్దుల కింద బలపం పట్టిన చిన్న చేతులు గీసిన గీతలు—వెదకవలసిన చోట్లు ఇవి. పాత ఇళ్లు కూలుతున్నకొద్దీ ఈ కాగితాలు తూకానికి పోతున్నాయి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తాళపత్రాల సేకరణపై చూపిన శ్రద్ధలో కొంతయినా ఈ పద్దు పుస్తకాలపై ఇంకా చూపవలసి ఉంది.