గీత దిగిందా, లేచిందా?

విజయనగరం గంటస్తంభం దగ్గర ఉల్లిపాయల కొట్టు ముందు నిలబడ్డారు మీరు. గోనెసంచి అడుగున ఎండిన ఎర్రపొట్టు. "పొట్టేటి చేసుకుంటారు బాబూ?" అంటూనే కొట్టాయన కవరు నింపి ఇచ్చాడు, డబ్బులు పుచ్చుకోలేదు. క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ పాయలోకన్నా ఈ పొట్టులోనే ఎక్కువ.

కాలేజీ ల్యాబ్‌లో పొట్టు మరిగించారు. పటిక నీళ్లలో నానిన పొందూరు ఖద్దరు ముక్కను అందులో ముంచి తీస్తే పసుపుపచ్చ. పటికలోని అల్యూమినియాన్ని క్వెర్సెటిన్ తన ఆక్సిజన్లతో పట్టుకుంది. పటికకు బదులు అన్నభేది వేస్తే రంగు నల్లబడుతుంది. లోహాన్ని బట్టే రంగు.

పొట్టునీళ్లలో ఇంకా చాలా ఉంటాయి, ఏది ఏం చేసిందో తేలదు. అందుకే ఇక సీసాలోని శుద్ధ క్వెర్సెటిన్. మిథనాల్‌లో కరిగించి కాపర్ ఎసిటేట్ చుక్కలు వేస్తే పసుపు ముదిరింది. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 370 నానోమీటర్ల దగ్గరున్న శిఖరం పొడవు తరంగాల వైపు జరిగింది. రాగి, క్వెర్సెటిన్ కలిసి కాంప్లెక్స్ తయారైంది.

ఈ కాంప్లెక్స్ డీఎన్ఏను పట్టుకుంటుందా అన్నది ఇక చూడాలి. దూడ థైమస్ గ్రంథి డీఎన్ఏ సీసాలో ఏకిన దూదిలా ఉంటుంది. కొంచెం తీసి 7.4 పీహెచ్ బఫర్‌లో రాత్రే నానబెట్టారు. ఇప్పుడు పిపెట్‌కి జిగటగా తగులుతోంది.

కార్బన్ ఎలక్ట్రోడ్‌ను అల్యూమినా పొడితో మెరిసేదాకా రుద్ది కాంప్లెక్స్ ద్రావణంలో దించారు. వోల్టేజి పెరుగుతుంటే తెరమీద కరెంటు గీత శిఖరంలా లేచింది. డీఎన్ఏ కలపండి. శిఖరం పొట్టిదైంది. ఇంకాస్త కలిపితే ఇంకా పొట్టి. ఉత్త బఫర్ అంతే కొలతలో కలిపి చూస్తే ఇంత తగ్గలేదు, కాబట్టి ఇది పలచబడటం వల్ల కాదు. 0.34 నానోమీటర్ల ఎడంతో పేర్చి ఉన్న బేస్ జంటల మధ్య కాంప్లెక్స్ చదునైన భాగం దూరి ఉండొచ్చు. అంత పొడవాటి అణువుతో కలిసి కదలాలి కనుక ఎలక్ట్రోడ్ దాకా నిదానంగా వస్తోంది. శిఖరం ధన వోల్టేజి వైపు జరిగితే లోపలికి దూరిందని, రుణం వైపు జరిగితే ఫాస్ఫేట్లకు బయటే అంటుకుందని సాధారణంగా లెక్క వేస్తారు.

ఇప్పుడు సెన్సర్. ఒంటిపేట డీఎన్ఏను ఎలక్ట్రోడ్‌కే అతికించారు. వెతుకుతున్న జన్యువు పోగు వచ్చి జతకలిస్తే జంటపేట అవుతుంది, కాంప్లెక్స్ అందులో చేరి ఎలక్ట్రోడ్ ఒళ్లోనే నిలుస్తుంది. కడిగి, శుభ్రమైన బఫర్‌లో పెట్టి మళ్లీ గీత గీయించండి. ఈసారి శిఖరం ఒంటిపేటప్పటికన్నా ఎత్తు.

పట్టు ఒకటే. డీఎన్ఏ ద్రావణంలో ఉంటే కరెంటు తగ్గింది, ఎలక్ట్రోడ్ మీద ఉంటే పెరిగింది. నోట్‌బుక్‌లో ముందు రాయాల్సింది డీఎన్ఏ ఎక్కడుందన్నదే. ఆ తర్వాత జత కుదరని పోగుతోనూ ఇదే పరీక్ష చేయండి. అప్పుడూ ఇంతే ఎత్తు శిఖరం వస్తే, ఆ కాంప్లెక్స్ ఈ పనికి పనికిరాదు.