రెండో డిస్కు, నంద్యాల బస్సు

నంద్యాల బ్రాంచిలో నేను గుమాస్తాగా చేరిన రోజుల్లో బ్యాంకులో ఏ లెక్కా ఒక్కచోట ఉండేది కాదు. రైతు వంద రూపాయలు కడితే ఆ వంద క్యాషియరు స్క్రోలులో ఒకసారి, సేవింగ్స్ లెడ్జరులో ఒకసారి, పాస్‌బుక్కులో ఒకసారి, సాయంత్రానికి మొత్తాల్లో కలిసి డే బుక్కులో ఇంకోసారి పడేది. స్క్రోలు రాసిన చెయ్యి లెడ్జరు రాయదు. నెలాఖరున బ్యాలెన్సింగ్‌కు కూర్చుంటే మొత్తాలు ఒకపట్టాన కలిసేవి కావు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోయిందంటే ఎవరో 54ను 45గా రాశారేమో చూడాలి. తేడాలో సగం అంకె ఎక్కడైనా కనబడిందంటే జమ వేయాల్సింది ఖర్చు వేశారేమో చూడాలి. పాత హెడ్ క్లర్కులు కాఫీ తాగుతూనే పట్టేసేవారు. వేర్వేరు చేతులు రాశాయి కాబట్టే తప్పు బయటపడేది.

బ్యాంకుల్లో యంత్రాల గురించి యూనియన్లతో మొదటి ఒప్పందం 1983లో జరిగింది. రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిటీలు 1984లో ఒక నివేదిక, 1989లో ఇంకోటి ఇచ్చాయి. ముందు లెడ్జరు పోస్టింగ్ యంత్రాలు, ఆ తర్వాత బ్రాంచి మొత్తం కంప్యూటరు మీదికి. 1993 ఒప్పందంతో దారి ఇంకా వెడల్పయింది. అదంతా పెద్ద ఊళ్ళ సంగతి. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పీవీ నరసింహారావును ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిపించిన ఊరు మాది. అయినా మా కౌంటర్ల మీద లెడ్జర్లు ఆ తర్వాత కూడా చాలాకాలం కదల్లేదు. చివరికి తొందర పెట్టింది కేంద్ర విజిలెన్స్ కమిషనర్ ఎన్. విఠల్. 2001 జనవరి 1 కల్లా బ్యాంకుల వ్యాపారంలో 70 శాతం కంప్యూటర్ల మీదికి రావాలన్నాడు. అవినీతి పట్టేవాడు కంప్యూటర్లు పెట్టమనడం మా మేనేజరుకు మింగుడుపడలేదు గానీ, ఆ తేదీ దగ్గరపడేకొద్దీ రాయలసీమ చిన్న ఊళ్ళకు కూడా సర్వర్ల డబ్బాలు లారీల్లో దిగాయి.

అప్పుడొచ్చింది ఎస్‌సీఓ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం. లోపలి గదిలో ఒక సర్వరు. మల్టీపోర్టు కార్డు నుంచి కౌంటర్లకు సీరియల్ కేబుళ్ళు, వాటి చివర ఆకుపచ్చ అక్షరాల టెర్మినళ్ళు. టెర్మినల్లో ఏమీ నిలవ ఉండదు, బ్రాంచి ఆస్తిపాస్తులన్నీ ఆ గదిలోని డిస్కులోనే. రూట్ పాస్‌వర్డు సీలు వేసిన కవర్లో సేఫులో ఉండేది. నాకు శిక్షణ ఇచ్చి, కొంచెం అలవెన్సు కలిపి, ఆ గది తాళంచెవి చేతిలో పెట్టారు. ఆళ్లగడ్డ బ్రాంచి కూడా నన్నే చూసుకోమన్నారు.

నంద్యాల ఎండలు తెలిసినవాళ్ళకు ఆ గది గురించి చెప్పక్కర్లేదు. కరెంటు పోతే ఏసీ ఆగుతుంది, యూపీఎస్ మీద సర్వరు మాత్రం నడుస్తుంది. డిస్కు లోపల పళ్ళేలు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటాయి. అవి ఎప్పుడో ఒకప్పుడు చావక తప్పదు. అందుకే రెండో డిస్కు.

ఒకే రాతను రెండు డిస్కుల మీద ఉంచడం కొత్త విద్య కాదు. అమెరికాలో టాండెం కంపెనీ 1970లలోనే తన యంత్రాల్లో ఆ పని చేసింది. బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో రాసిన ప్రసిద్ధ పత్రంలో దానికి రెయిడ్ మొదటి లెవెల్ అని నెంబరు వేశారు. ప్రత్యేక కంట్రోలరు కార్డు కొంటే ఆ పని కార్డే చేస్తుంది, కానీ అది ఖరీదు. 1995లో వచ్చిన ఎస్‌సీఓ ఓపెన్‌సర్వర్ 5లో వర్చువల్ డిస్క్ మేనేజర్ అనేది ఉండేది. దానితో యూనిక్సే ఆ పని చేసుకుంటుంది, ప్రత్యేక కార్డు అక్కర్లేదు.

రెండో డిస్కును ఎఫ్‌డిస్క్‌, డివ్వీ అనే ఆదేశాలతో మొదటి దాని కొలతలకే ముక్కలు చేయాలి, ఒక్క బ్లాకు తగ్గినా కుదరదు. ఏ ముక్కకు ఏది జతో డీకేట్యాబ్ ఫైలులో చేరుతుంది. డీకేకాన్‌ఫిగ్ ఆ జతలను లేపుతుంది. ఆ తర్వాత మొదటి డిస్కులోని ప్రతి బ్లాకూ రెండోదానికి ఎక్కాలి. డే ఎండ్ అయ్యాక మొదలుపెట్టి సర్వరు ముందు కునికిపాట్లు పడుతూ కూర్చునేవాణ్ణి. అది పూర్తయ్యాక ప్రతి రాతా రెంటిలో పడుతుంది, చదవడం ఏదో ఒకదాని నుంచి జరుగుతుంది. ఒకటి చస్తే రెండోది పనిని లాక్కుపోతుంది, కౌంటర్లో ఎవరికీ ఏమీ తెలియదు. చిక్కు కూడా అక్కడే. డిస్కు చచ్చిన కబురు కన్సోలు మీద ఒక్క ఇంగ్లీషు వరుసగా వస్తుంది. కరెంటు ఆదా అని కన్సోలు మానిటరు ఆపేసుకున్న బ్రాంచిలో ఒంటి డిస్కు మీద నెలల తరబడి నడిచిన సర్వర్లను నేను చూశాను.

ఆళ్లగడ్డకు రెండో డిస్కు పెట్టి వచ్చాక అక్కడి మేనేజరు ఫోన్ చేశారు.

“ఏమయ్యా, రెండు డిస్కులైనాయి గదా. ఇంక ఈ టేపు నంద్యాలకు పంపేదెందుకు? ఒక మనిషి పూట పోతాంది.”

“పంపండి సార్, డిస్కు చావడం ఒక్కటే కాదు గదా ప్రమాదం” అన్నాను.

టేపు సంగతి చెప్పాలి. రోజూ రాత్రి లెక్కంతా క్యార్‌ట్రిడ్జ్ టేపులోకి ఎక్కించేవాళ్ళు. పొద్దున అటెండరు దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని కడప నుంచి వచ్చే బస్సెక్కి నంద్యాలలో మాకు అప్పజెప్పి, ముందురోజుదీ మా టేపూ తీసుకుని వెనక్కి పోయేవాడు. నంద్యాల టేపు ఆళ్లగడ్డ సేఫులో, ఆళ్లగడ్డ టేపు మా సేఫులో. బందులప్పుడు బస్సులు ఆగేవి, టేపు కూడా ఆగేది.

ఒక మార్చి నెలాఖరున ఆళ్లగడ్డలో డిస్కు నిండిపోయి ప్రోగ్రాము మొరాయించింది. అక్కడ తాత్కాలికంగా వచ్చిన ఒక ఆపరేటరు జాగా చేద్దామని పాత ఫైళ్ళనుకుని సేవింగ్స్ ఖాతాల ఫైలే తీసేశాడు. యూనిక్స్ మారు మాట్లాడకుండా రెండు డిస్కుల్లోనూ శుభ్రంగా తీసేసింది. యంత్రం తన పని తాను తప్పు లేకుండా చేసింది. స్క్రోలు రాసే చెయ్యి, లెడ్జరు రాసే చెయ్యి ఒకటే అయితే ఏమవుతుందో ఆ పూట చూశాం. నంద్యాల సేఫులోని టేపుతో ముందురోజు వరకు లెక్క వెనక్కి వచ్చింది. మిగతాది ఓచర్లు ముందర పెట్టుకుని తెల్లవారేదాకా మళ్ళీ పోస్టు చేశాం. ఆ మేనేజరు తర్వాత ఎప్పుడూ టేపు ఎందుకని అడగలేదు.

కోర్ బ్యాంకింగ్ వచ్చి ఖాతాలన్నీ దూరపు డేటా సెంటరుకు వెళ్ళిపోయాయి. దానికి ఇంకో ప్రతి వేరే నగరంలో, వేరే భూకంప మండలంలో. గుడ్డసంచి చేసిన పనే ఇప్పుడు తీగల మీద జరుగుతోంది. ఆళ్లగడ్డ లెక్క అప్పజెప్పేటప్పుడు పాత ఖాతాలు కొన్నిటి నిల్వ సర్వరులో ఒకటి, లెడ్జరులో ఒకటి కనిపించింది. రైతులను పాస్‌బుక్కులు తెమ్మని కబురు పెట్టి, వాటిని చూసి తేల్చాం.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలు ఊళ్ళోకి వచ్చాయి. పాత పద్ధతిలోనే ఉండి ఉంటే ఒకే పెట్టెలోని రెండు డిస్కులూ ఒకేసారి మునిగేవి. మునిగిన మా బ్యాంకు కర్నూలు బ్రాంచిలో ఖాతాల నిల్వలకు ఏమీ కాలేదు. తడిసినవల్లా ఓచర్లు, తాకట్టు పత్రాలు, సంతకాల కార్డులు. వాటికి రెండో ప్రతి వేరే ఊళ్ళో ఎవరూ పెట్టలేదు. ఒక్కో కాగితం విడదీసి ఫ్యాన్ల కింద ఆరబెట్టడానికి నంద్యాల నుంచి కూడా మమ్మల్ని పంపారు.