పేరు పోయి నంబర్ మిగిలింది: ఈనమ్ కథ

మీ ఫోన్‌లో "డెలివర్డ్" అని కనిపించే స్టేటస్, ప్రోగ్రామ్ లోపల చాలాసార్లు 3 లాంటి ఒక నంబర్, అంతే.

1970లో నిక్లాస్ విర్త్ పాస్కల్ భాషను తెచ్చారు. అందులో విలువలకు ఎరుపు, పచ్చ, నీలం అని మనమే పేర్లు పెట్టుకోవచ్చు. ఇదే ఈనమ్. కానీ ఆ పేరును ప్రింట్ చేయమంటే స్టాండర్డ్ పాస్కల్ ఒప్పుకోదు! సీ భాషలోనూ కంపైల్ అయ్యాక ప్రోగ్రామ్‌కి మిగిలేది నంబరే. అందుకే ప్రోగ్రామర్లు పేర్ల పట్టిక విడిగా రాసుకునేవాళ్లు. మధ్యలో కొత్త విలువ చేర్చి, పట్టిక మార్చడం మర్చిపోతే? "క్యాన్సిల్డ్" రావాల్సిన చోట "డెలివర్డ్" వస్తుంది!

1983 నాటి అడా భాష 'ఇమేజ్' అనే సదుపాయంతో పేరును నేరుగా ఇచ్చేసింది. 2004లో జావా 5 కూడా విలువతోపాటే పేరును దాచింది. నంబర్ మెషీన్‌కి చాలు, పేరు కావాల్సింది మనకే కదా!