ఉరుము లేని మెరుపులు

వానాకాలం రాత్రి మెరుపు మెరిస్తే, ఉరుము ఎంతసేపటికి వినిపించిందో చూసి పిడుగు ఎంత దూరాన పడిందో మన పెద్దలు అంచనా కడతారు. మరి ఉరుమే లేని మెరుపైతే? శాస్త్రజ్ఞులను అలాంటి మెరుపొకటి 30 ఏళ్లపాటు తికమక పెట్టింది. గామా కిరణాల మెరుపు అది. ఆ కథ వినండి.

1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశాలు గాలిలో, నీటి అడుగున, అంతరిక్షంలో అణుపరీక్షలు జరపరాదని ఒడంబడిక చేసుకున్నాయి. ఎవరైనా చాటుగా మాట తప్పుతారేమోనని అమెరికా ‘వేలా’ ఉపగ్రహాలను కాపలా పెట్టింది. బాంబు పేలితే వెలువడే గామా కిరణాలను పసిగట్టడం వాటి పని. 1967 జూలై 2న వాటికి గామా కిరణాలు తగిలాయి. కాని బాంబు లక్షణాలు లేవు. బాంబు కాదు గదా అని లాస్ అలమోస్ ప్రయోగశాల వారు ఆ కాగితాలను పారవేయలేదు, దాచి ఉంచారు. తరువాత మరింత మెరుగైన ఉపగ్రహాలు వెళ్లాయి. ఒకే మెరుపు ఒకదాన్ని ముందు, మరొకదాన్ని రవంత ఆలస్యంగా తాకుతుంది. ఆ కాలభేదాన్ని బట్టి దిక్కు లెక్కగట్టారు. ఇవి భూమి నుంచి గాని, సూర్యుని నుంచి గాని వచ్చినవి కావని తేలింది. రే క్లెబెసాడెల్, ఆయన సహచరులు 1973లో 16 మెరుపుల వివరాలు ప్రకటించారు.

దిక్కు సరే, దూరమెంత? 1991లో కాంప్టన్ అనే గామా కిరణ వేధశాల నింగికెక్కింది. గామా కిరణాలను మామూలు అద్దాలు ఒకచోటికి చేర్చలేవు. అందుకని దాని ఎనిమిది మూలల్లో ప్రత్యేక స్ఫటికాలు అమర్చారు. కిరణం తగిలితే స్ఫటికంలో సన్నని వెలుగు పుడుతుంది. ఆ వెలుగును కొలిస్తే కిరణం శక్తి తెలుస్తుంది. మెరుపుకు ఎదురుగా ఉన్న స్ఫటికానికి ఎక్కువ కిరణాలు, ఓరగా ఉన్నదానికి తక్కువ తగులుతాయి. ఆ హెచ్చుతగ్గులే దిక్కు చెబుతాయి. తొమ్మిదేళ్లలో 2,704 మెరుపులు నమోదయ్యాయి. అవి పాలపుంత పట్టీ వెంట గుమిగూడలేదు, అన్ని దిక్కులా సమంగా ఉన్నాయి. అయినా దూరం గురించిన వాదం తెగలేదు.

1997 ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల బెప్పోశాక్స్ ఉపగ్రహం ఒక మెరుపును పట్టింది. సుమారు ఎనిమిది గంటల తరువాత అటు తిరిగి చూస్తే, మంట ఆరిన పొయ్యిలో మిగిలిన సెగలా ఎక్స్‌రే వెలుగు కనిపించింది. ఆ ఏడాదే మే 8న మెరిసిన మరొకదాని వెలుగును హవాయిలోని కెక్ టెలిస్కోపుతో విశ్లేషించారు. అది వందల కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన వెలుగు! పాలపుంతకు ఎంతో ఆవలిది.

రెండు సెకన్లకు మించిన మెరుపులు చాలావరకు భారీ నక్షత్రాలు కుప్పకూలినప్పటివని నేడు తెలుసు. న్యూట్రాన్ తారలు రెండు ఢీకొన్నా పొట్టి మెరుపు పుడుతుందని 2017 ఆగస్టు 17న రుజువైంది.

ఈ వేటలో మన పాలూ ఉంది. 2015 సెప్టెంబరు 28న పులికాట్ సరస్సు పక్కనున్న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ బయలుదేరింది. అక్టోబరు 6నే అందులోని ఒక పరికరం గామా మెరుపును నమోదు చేసింది. ఆ తరువాత వందల మెరుపులను పట్టింది.

బాంబుల కోసం పెట్టిన కాపలాకు నక్షత్రాల చావు కబురు అందింది. తమకు అక్కరలేని గుర్తును కూడా భద్రపరచినవారి ఓపికే దీనికంతటికీ మూలం.